ఇద్దరు గిడుగులు: తెలుగు ఉపాధ్యాయ శిక్షణలో మాండలిక ప్రశ్న – శృంగవరపుకోట నేపథ్యం

వ్యాస సంగ్రహం

వ్యావహారిక భాషోద్యమం పాఠశాల బోధనలోని ఒక చిక్కు నుంచి పుట్టింది. ఆ ఉద్యమానికి నాయకుడైన గిడుగు వెంకట రామమూర్తి నేటి బి.ఎడ్., తెలుగు పండిత శిక్షణల్లో ఒక జీవితచరిత్రగా మిగిలారు. ఆయన పని ఒక బోధన పద్ధతిగా అందులోకి రాలేదు. గిడుగు కృషిలో శిష్ట వ్యావహారికం కోసం జరిపిన వాదం ఒక పార్శ్వం, సవర పిల్లల చదువు కోసం చేసిన పని మరొక పార్శ్వం. ఉపాధ్యాయ శిక్షణ మొదటిదాన్ని స్వీకరించి రెండోదాన్ని వదిలివేసిందని, ఆ లోటు శృంగవరపుకోట వంటి భాషా సరిహద్దు ప్రాంతాల్లో ఎక్కువగా కనిపిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గురజాడ, చాసో, రావిశాస్త్రి రచనలను ఈ కోణం నుంచి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉపాధ్యాయ శిక్షణ, బి.ఎడ్., మాండలికం, శిష్ట వ్యావహారికం, దోష సవరణ, గిడుగు, ఉత్తరాంధ్ర సాహిత్యం.

1. ప్రవేశిక

ఎం.ఏ. తెలుగు పూర్తిచేసిన విద్యార్థి ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడు కావాలంటే బి.ఎడ్. గాని, తెలుగు పండిత శిక్షణ గాని పూర్తిచేయాలి. తర్వాత టెట్, ఆపైన డీఎస్సీ. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో అంతవరకు ఒక సంవత్సరంగా ఉన్న బి.ఎడ్. 2015–16 విద్యాసంవత్సరం నుంచి రెండు సంవత్సరాలైంది. అందులో 20 వారాలు పాఠశాల అనుభవానికి కేటాయించారు. తెలుగు శాఖల నుంచి బయటికి వచ్చే విద్యార్థుల్లో పెద్ద భాగం ఈ దారినే నడుస్తుంది.

అయినా సాహిత్య పరిశోధన ఈ శిక్షణను తన విషయంగా భావించలేదు. అది విద్యాశాస్త్ర శాఖల పని అనుకోవడం మనకు అలవాటైంది. ఫలితంగా ఎం.ఏ. తరగతిలో మాండలిక భాషాశాస్త్రం చదివిన విద్యార్థి, బి.ఎడ్. తరగతిలో పాఠ్యపథకం రాసేటప్పుడు ఆ చదువును వాడుకునే అవకాశం కనిపించదు. ఒకే మనిషి నాలుగేళ్ళలో పొందిన రెండు చదువులు ఒకదాన్నొకటి పలకరించుకోవు. ఈ విడి సహజమైనది కాదనీ, ఆధునిక తెలుగు వచన చరిత్రే దానికి ఎదురు సాక్ష్యమనీ చూపడం ఈ వ్యాసం మొదటి ఉద్దేశం. దానివల్ల తరగతి గదిలో పిల్లవాడికి జరిగే నష్టాన్ని స్పష్టంగా గుర్తించడం రెండో ఉద్దేశం.

2. శృంగవరపుకోట: భాషల సరిహద్దు

విజయనగరం జిల్లాలోని శృంగవరపుకోట తూర్పు కనుమల పాదంలో ఉన్న ఊరు. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే రోడ్డు ఈ ఊరు దాటాకే ఘాటీ ఎక్కుతుంది. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం కూడా ఇటుగానే కొండల్లోకి పోతుంది. పుణ్యగిరి శివరాత్రి యాత్రకు పల్లపు ఊళ్ళవాళ్ళూ కొండవాళ్ళూ కలిసి వస్తారు. ఒకవైపు మైదాన ప్రాంతపు తెలుగు, మరోవైపు అనంతగిరి, అరకు ప్రాంతాల్లోని కువి, కొండ, ఆదివాసీ ఒడియా మొదలైన భాషలు. వీటి మధ్య నిలిచిన పట్టణం ఇది.

భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించినప్పుడు విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాలు తూర్పు మండలంగా వేరుపడ్డాయి. ఆయన సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. 1969లో ఆయన కొండ భాషపై, అంటే కూబిపై, ఒక సమగ్ర వర్ణనాత్మక గ్రంథాన్ని ప్రచురించారు. తెలుగు మాండలికాలను లెక్కించిన పండితుడే పక్కనున్న కొండల భాషకు వ్యాకరణం రాశారన్న సంగతి గమనించదగింది. ఈ ప్రాంతంలో ఆ రెండు పనులూ విడదీయరానివి.

ఇక్కడి ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పబోయే ఉపాధ్యాయుడి ముందు కనీసం మూడు రకాల పిల్లలుంటారు: ఇంట్లో పాఠ్యపుస్తకపు తెలుగుకు దగ్గరి మాట వినే పిల్లలు, ఇంట్లో కళింగాంధ్ర మాండలికం మాట్లాడే పిల్లలు, ఇంట్లో తెలుగు కాని భాష మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకున్న పిల్లలు. ముగ్గురికీ పాఠ్యపుస్తకం ఒకటే, పదో తరగతి పరీక్ష ఒకటే. ఉపాధ్యాయుడి చేతిలోని ఎర్ర సిరా కూడా ఒకటే.

3. బడిలో పుట్టిన ఉద్యమం

వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య చరిత్రలు సాధారణంగా గ్రాంథిక, వ్యావహారిక వాదుల మధ్య పండిత చర్చగా చెబుతాయి. ఆ చర్చకు కారణమైన నలుగురు వ్యక్తుల వృత్తిని చూస్తే వేరే చిత్రం కనిపిస్తుంది. జె.ఎ. యేట్స్ ఉత్తర జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరు. పి.టి. శ్రీనివాస అయ్యంగారు విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు. గిడుగు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరి 1911 వరకు పనిచేశారు. గురజాడ అప్పారావు 1884లో విజయనగరం మహారాజావారి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరి, తర్వాత అక్కడి కళాశాలలో బోధించారు. నలుగురిదీ చదువు చెప్పే పనో, చదువును పర్యవేక్షించే పనో. పిల్లలు మాట్లాడే తెలుగుకూ, పుస్తకంలో ఉన్న తెలుగుకూ ఇంత దూరం ఎందుకున్నదన్న ప్రశ్న బడుల తనిఖీకి వచ్చిన యేట్సుకు ఎదురైంది. ఆ ప్రశ్న శ్రీనివాస అయ్యంగారి ద్వారా గిడుగు, గురజాడల ముందుకు వచ్చింది.

1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి గ్రాంథిక పక్షాన నిలిచింది. గిడుగు 1913లో ఆధునిక తెలుగుపై విజ్ఞాపన పత్రం ప్రకటించారు. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన వ్యాసరచన సంఘంలో సభ్యుడిగా గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం సమర్పించారు. ఈ రెండు పత్రాలకూ కేంద్ర విషయం కావ్యభాష కాదు. విద్యార్థి పరీక్షలో రాసే తెలుగు వ్యాసం ఏ భాషలో ఉండాలి, దాన్ని ఎవరు దిద్దాలి, ఏ ప్రమాణంతో దిద్దాలి అన్నవే అక్కడి ప్రశ్నలు. మరోలా చెప్పాలంటే, ఆధునిక తెలుగు వచనాన్ని మలుపు తిప్పిన వాదం ఒక జవాబుపత్రాన్ని దిద్దడం గురించి మొదలైంది.

ఈ దృష్టితో చూస్తే వ్యావహారిక ఉద్యమ పత్రాలు తెలుగు బోధన పద్ధతులపై వచ్చిన తొలి ఆధునిక రచనలు. వాటిని అలా చదివే అలవాటు బోధన పద్ధతుల పత్రాల్లోకి రాలేదు. అక్కడ గిడుగు సాధారణంగా ఒక జన్మదినంగా, ఒక బిరుదుగా, ఒక లఘు ప్రశ్నగా కనిపిస్తారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఎందుకు జరుపుతామో శిక్షణార్థికి తెలుసు. ఆయన ఒక తప్పును ఎలా చదివారో తెలియదు.

4. తప్పును సాక్ష్యంగా చదవడం

గిడుగు వాదన పద్ధతిలోని ప్రత్యేకత ఆయన చేసిన జాబితాల్లో ఉంది. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో గ్రాంథికాన్ని సమర్థించే పండితులు తమ రచనల్లోనే ఆ నియమాలను ఎలా తప్పారో పోగుచేసి చూపారు. ‘గద్య చింతామణి’లో పూర్వ వచనంలో వ్యావహారిక రూపాలు ఎంత విస్తృతంగా ఉన్నాయో ఉదాహరించారు. ‘బాలకవి శరణ్యం’లో ప్రాచీన కవుల ప్రయోగాలు బాలవ్యాకరణ సూత్రాలకు లొంగని చోట్లను ఎత్తిచూపారు. మొదటి గ్రంథంలోని వ్యంగ్యమే పాఠకులకు ఎక్కువగా గుర్తుంది. ఈ మూడింటికీ ఆధారమైన పద్ధతి అంతకంటే విలువైనది. ఒక రూపం నియమానికి సరిపడనప్పుడు రాసినవాణ్ని నిందించే ముందు నియమాన్ని పరీక్షించడం ఆ పద్ధతి సారం. నియమం తెలిసిన పండితుడే మళ్ళీ మళ్ళీ ఒకే చోట తప్పుతున్నాడంటే లోపం అతని శ్రద్ధలో లేదు. అతని నాలుక మీది భాషకూ, కలం కిందికి తెచ్చుకున్న భాషకూ మధ్య ఉంది.

అనువర్తిత భాషాశాస్త్రంలో ఈ దృష్టికి ఒక ప్రసిద్ధ రూపం 1967లో వచ్చింది. భాష నేర్చుకునేవారి తప్పులు వారి లోపల రూపొందుతున్న వ్యాకరణానికి సాక్ష్యాలని పిట్ కార్డర్ తన వ్యాసంలో ప్రతిపాదించారు. గిడుగు గ్రంథాలు దానికి దశాబ్దాల ముందువి. ఇద్దరినీ సమానం చేయడం మాత్రం సరికాదు. కార్డర్ దృష్టి నేర్చుకునేవాడి మనస్సు మీద ఉంది. గిడుగు దృష్టి పండితుడు విధించే ప్రమాణం మీద ఉంది. అయినా తప్పును చూడగానే కొట్టివేయకుండా, అది ఎక్కడినుంచి వచ్చిందని అడగడం ఇద్దరికీ ఉమ్మడి. ఉపాధ్యాయ శిక్షణకు కావలసింది ఈ అడగడమే.

దీన్ని ఒక ఊహా ఉదాహరణతో పరీక్షించవచ్చు. శృంగవరపుకోట పరిసరాల్లో ఆరో తరగతి పిల్లవాడు తన ఇంటి గురించి ఈ నాలుగు వాక్యాలు రాశాడనుకుందాం: ‘మా బాబు పొలం ఎల్లినాడు. సాయత్రం వొచ్చినాడు. అమ్మ కూడు వొండినాది. నాను తినీసాను.’ అలవాటు ప్రకారం దిద్దితే ఎనిమిది చోట్ల ఎర్ర గీత పడుతుంది: బాబు, ఎల్లినాడు, సాయత్రం, వొచ్చినాడు, కూడు, వొండినాది, నాను, తినీసాను. వీటిలో లేఖన దోషం అనదగినది ఒక్కటే. ‘సాయంత్రం’లో సున్న జారిపోవడం.

మిగిలిన ఏడింటి సంగతి వేరు. ‘బాబు’ అంటే ఉత్తరాంధ్రలో తండ్రి. వేరే జిల్లా నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు దాన్ని చిన్నపిల్లవాడు అని చదివితే వాక్యం అర్థమే మారిపోతుంది. ‘కూడు’ ప్రాచీన పద్యభాషలో గౌరవంగా నిలిచిన మాట. శిష్ట వ్యవహారంలో ‘అన్నం’ దాని చోటు తీసుకున్నాక మోటుమాట అనిపించుకుంది. ‘ఎల్లు’లోని ఆది వకార లోపం చాలా తెలుగు మాండలికాల్లో ఉంది. ‘వొచ్చినాడు’ మొదట్లోని ఒకార ధ్వని ఉపాధ్యాయుడి నోట కూడా ఉంది. అతడు ‘వచ్చాడు’ అని రాసి ‘వొచ్చాడు’ అని పలుకుతాడు. ‘నాను’, ‘తినీసాను’ ఈ మండలంలో నియమబద్ధంగా వినిపించే రూపాలు. ‘తినీసాను’ ప్రామాణిక భాషలోని ‘తినేశాను’ చేసే పనినే చేస్తుంది.

అన్నింటికంటే ఆసక్తికరమైనవి ‘వచ్చినాడు’, ‘వండినాది’ అన్న క్రియారూపాలు. గ్రాంథికంలో ‘వచ్చినాడు’ సాధురూపమే. ‘వండినది’కీ పిల్లవాడి ‘వొండినాది’కీ మధ్య ఉన్న దూరం, ‘వండినది’కీ ప్రామాణిక ‘వండింది’కీ మధ్య ఉన్న దూరం కంటే తక్కువ. అంటే గ్రాంథికవాది అంగీకరించే రూపానికి దగ్గరగా ఉన్న మాటను, వ్యావహారికం పేరుతో, గిడుగు వారసుడిగా తనను భావించుకునే ఉపాధ్యాయుడు కొట్టివేస్తున్నాడు. ‘గద్య చింతామణి’ పద్ధతిని ఎవరైనా ఈ నాలుగు వాక్యాలకు అన్వయించి ఉంటే ఆ ఎర్ర గీతలు ఏడు తగ్గేవి.

5. శిష్ట వ్యావహారికపు హద్దు

ఈ పరిస్థితికి శిక్షణ ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. గిడుగు వాదంలోనే దానికి ఒక మూలం ఉంది. ఆయన కోరిన ప్రమాణం శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవారు వాడే భాష. ఆనాటి వాదంలో అది వ్యూహాత్మకంగా అవసరమైంది. గ్రాంథికం పోతే భాషకు ప్రమాణమే ఉండదన్న భయానికి, శిష్టుల వాడుకలో ప్రమాణం ఉన్నదన్నది ఆయన ఇచ్చిన సమాధానం. ఆ సమాధానం గెలిచింది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, విశ్వవిద్యాలయాలు క్రమంగా ఆ భాషలోకి వచ్చాయి. ఆ ప్రమాణ రూపాల్లో కోస్తా మధ్య జిల్లాల వాడుకది పైచేయి కాగా, ఉద్యమం మొదలైన ఉత్తర జిల్లాల పల్లె మాట దాని బయటే ఉండిపోయింది. పర్లాకిమిడిలోనూ విజయనగరంలోనూ మొదలైన ఉద్యమం గెలిచాక, ఆ చుట్టుపక్కల పిల్లలు మాట్లాడే భాష మళ్ళీ దోషంగానే మిగిలింది.

అయితే గిడుగు ఇంతటితో ఆగిపోయిన మనిషి కారు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను, ఆ భాష మాట్లాడేవారిని ఇంట చేర్చుకొని నేర్చుకున్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని వాచకాలు, పాటలు, కథలు సిద్ధం చేశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఈ కృషిలో శిష్టులు అన్న మాటకు చోటే లేదు. లిపి లేని, పుస్తకం లేని భాషకు శిష్ట రూపం ఏది? పిల్లవాడి ఇంట్లో వినిపించేదే అక్కడ ప్రమాణం. ఉపాధ్యాయుడు మొదట విద్యార్థిగా మారి ఆ భాష విన్నాక గాని పాఠం మొదలు కాదు.

కాబట్టి బోధన దృష్ట్యా గిడుగులో ఇద్దరున్నారు. మొదటివారు ప్రమాణం గురించి వాదించినవారు. వారి విజయాన్ని మనం అనుభవిస్తున్నాం. రెండోవారు పిల్లవాడి భాషను ముందుగా నేర్చుకున్నవారు. శిక్షణ తరగతుల్లో మొదటివారి కథతో భాషా సమస్య పరిష్కారమైపోయిందన్న భావన కలుగుతుంది. రెండోవారి కథ గిరిజన సేవ అనే వేరే అధ్యాయంలోకి పోతుంది. శృంగవరపుకోట నుంచి కొండ ఎక్కే రోడ్డులో ఈ రెండు అధ్యాయాలూ ఒకే తరగతి గదిలో కలుస్తాయి. 2000ల దశకంలో ప్రభుత్వం సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ మొదలైన భాషల్లో ప్రాథమిక తరగతులకు వాచకాలు తెచ్చినప్పుడు ఈ రెండో గిడుగు కొంత తిరిగి వచ్చారు. కాని ఆ పని ప్రాథమిక స్థాయికి పరిమితమైంది. ఉన్నత పాఠశాలకు చేరిన పిల్లవాడిని, అతడికి తెలుగు రెండో భాష అన్న సంగతి తెలియని ఉపాధ్యాయుడు ఎదుర్కొంటాడు.

6. గిరీశం పాఠం

గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. 1909లో పూర్తిగా మారిన రెండో కూర్పు వచ్చింది. ఆ రెండో కూర్పును ఉపాధ్యాయ శిక్షణ దృష్టితో చదివితే అందులో ఒక బోధన విమర్శ కనిపిస్తుంది. గిరీశం వెంకటేశానికి చదువు చెప్పే గురువు. తనతో సంభాషణే చదువని అతడి ధీమా. అగ్రహారం చేరాక తల్లి ముచ్చట తీర్చడానికి గురుశిష్యులిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడి చూపించే ఘట్టం ఉంది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్న వాక్యాల మధ్య ఏ సంబంధమూ లేదు. పిల్లల పద్యపు ముక్కలు, పాఠ్యపుస్తకపు వాక్యాలు అప్పజెబుతారు. వింటున్నవాళ్ళకు అర్థం కాదు కాబట్టి అది గొప్ప చదువవుతుంది.

ఈ ఘట్టాన్ని విమర్శకులు గిరీశం కపటానికి ఉదాహరణగా చూశారు. అది సరైనదే. ఉపాధ్యాయుడిగా పనిచేసిన గురజాడ అందులో ఇంకొకటి కూడా పెట్టారు. భాషను ప్రదర్శన కోసం నేర్పితే సంభాషణ చచ్చిపోతుంది. వెంకటేశం ఆ క్షణంలో ఏ ఒక్క మాటా తనది మాట్లాడడు. మరి అదే నాటకంలో ప్రతి పాత్రకూ తనదైన పలుకు ఉంది. అగ్నిహోత్రావధాన్ల మాట, మధురవాణి మాట, బంట్రోతు మాట వేరువేరు. మొదటి కూర్పు పీఠికలో నాటకానికి వాడుక భాషను సమర్థించిన రచయిత, పాత్రలందరికీ ఒకే శిష్ట భాషను అంటగట్టలేదు. ‘కన్యాశుల్కం’లో భాష సమస్యగా మారేది ఒక్క చోటే: పాత్ర తనది కాని మాటను అప్పజెప్పవలసి వచ్చిన చోట.

శిక్షణ తరగతిలో సూక్ష్మబోధనకు ఈ ఘట్టం ఒక హెచ్చరిక. కొన్ని నిమిషాల పాటు తోటి శిక్షణార్థులనే పిల్లలుగా కూర్చోబెట్టి పాఠం చెప్పే ఈ అభ్యాసంలో ఉచ్చారణ స్పష్టత, ప్రశ్నించే తీరు, నల్లబల్ల వినియోగం వంటివి పరిశీలిస్తారు. పిల్లల వేషంలో ఉన్న సహాధ్యాయులు సరైన జవాబే ఇస్తారు. తప్పు జవాబు గాని, మాండలికంలో జవాబు గాని రాదు. అసలు తరగతిలో పాఠానికి పరీక్ష పెట్టేది ఆ జవాబే.

ఇందులో మరో చిక్కు ఉంది. శిక్షణార్థుల్లో చాలామంది ఈ ప్రాంతపు వారే. వారి ఇళ్ళలోనూ ‘నాను’, ‘నేదు’, ‘ఏటి’, ‘ఆళ్ళు’ వినిపిస్తాయి. ఆదర్శ పఠనం అభ్యాసం చేస్తూ వారు మొదట తమ నాలుకనే దిద్దుకుంటారు. పఠనానికి ప్రామాణిక ఉచ్చారణ నేర్చుకోవడంలో తప్పు లేదు. తమ మాట దోషమన్న భావనతో నేర్చుకున్నప్పుడు మాత్రం పాఠంతోపాటు ఆ సిగ్గు కూడా తరగతిలోకి వెళుతుంది. పిల్లవాడికి అందేది చాలాసార్లు అదే.

7. బడి బయటి పిల్లవాడు, కోర్టులోని స్త్రీ

చాగంటి సోమయాజులు కథ ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో ఫీజు కట్టలేని తండ్రి చదువు మాన్పించిన కృష్ణుడు, చుట్టల కోసం బయలుదేరి బడి ముందునుంచి వెళ్ళవలసి వచ్చినప్పుడు పడే సిగ్గు ఉంది. ఈ కథను పేదరికపు కథగా చదువుతాం. బోధన దృష్టితో చదివితే అది బడిని బయటినుంచి చూపిన కథ కూడా. కృష్ణుడు కోల్పోయింది తోటివాళ్ళ మధ్య తనకున్న చోటు. ఫీజు వల్ల బడి బయట నిలిచిన పిల్లవాడిని చాసో చూపారు. ఫీజు సమస్య చాలావరకు తీరిన నేటి ప్రభుత్వ పాఠశాలలో, బల్ల మీద కూర్చునే బయట నిలిచిన పిల్లవాడు ఉన్నాడు. నోరు విప్పితే నవ్వుతారేమోనని జవాబు తెలిసీ చెప్పనివాడు అతడు. హాజరు పట్టీ అతడు లోపలే ఉన్నాడంటుంది.

మాండలికం ఇంటి అవసరాలకే తగిన భాష, ఆలోచనకు ప్రామాణిక భాషే కావాలన్న అభిప్రాయం శిక్షణలో పైకి చెప్పకపోయినా లోపల పనిచేస్తుంది. దానికి బలమైన జవాబు రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’ కథ. సారా కేసులో వచ్చిన ముత్యాలమ్మ, చట్టం మీద నమ్మకంతో ఉన్న యువ న్యాయవాదికి పోలీసులు, కోర్టులు, డబ్బు కలిసి పనిచేసే తీరును వివరిస్తుంది. న్యాయవ్యవస్థ గురించి ఆ కథలోని అతి సూక్ష్మమైన విశ్లేషణ చదువుకున్న ప్లీడరు నోట రాదు. చదువులేని స్త్రీ నోట, ఉత్తరాంధ్ర మాండలికంలో వస్తుంది. అమూర్తమైన ఆలోచనకు ఆ భాష చాలదన్న వాదం ఆ కథ ముందు నిలవదు.

ఒక పరిమితిని గుర్తించాలి. రావిశాస్త్రి కథల్లో మాండలికం ఎక్కువగా సంభాషణకే పరిమితం. కథకుడి భాష ప్రామాణికానికి దగ్గరగా ఉంటుంది. దాదాపు మూడు దశాబ్దాలు విశాఖపట్నం సెయింట్ ఆంథోనీస్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాళీపట్నం రామారావు కథల్లోనూ ఈ విభజన కనిపిస్తుంది. దీన్ని లోపంగా లెక్కించవచ్చు. తరగతి గదికి మాత్రం ఇది ఒక నమూనా. ఒకే రచనలో రెండు భాషారూపాలు ఒకదాన్నొకటి కొట్టివేయకుండా, ఎవరి పని వారు చేస్తూ ఇమిడి ఉండగలవని ఈ కథకులు చూపారు. వ్యాసంలో ప్రామాణిక రూపం, ఆ వ్యాసంలోనే అమ్మ అన్న మాటను ఉటంకించినప్పుడు అమ్మ రూపం. ఈ విచక్షణ ఆరో తరగతి పిల్లవాడికి నేర్పదగినదే.

8. ‘దోష సవరణ’ గడి

తెలుగు పాఠ్యపథకంలో ఉన్ముఖీకరణ, ఆదర్శ పఠనం, ప్రకాశ పఠనం, దోష సవరణ, మౌన పఠనం, చర్చ, పునశ్చరణ, ఇంటిపని వంటి సోపానాలు శిక్షణార్థులకు కంఠస్థం. వీటిలో దోష సవరణకు గడి ఉంది. దోష నిర్ణయానికి లేదు. ఏది దోషమో ముందే తెలుసునన్న నమ్మకం మీద ఆ గడి నిలిచింది. జాతీయ విద్యా ప్రణాళికా చట్రం 2005 పిల్లల ఇంటి భాషలను తరగతి వనరుగా చూడమంది. 2014 తర్వాతి బి.ఎడ్. పాఠ్యప్రణాళికలో ‘పాఠ్యప్రణాళిక అంతటా భాష’ అన్న అంశం విద్యార్థుల భాషా నేపథ్యాన్ని చర్చిస్తుంది. కాని అది ఒక పత్రం. తెలుగు బోధన పద్ధతులు మరో పత్రం. సూత్రం ఒకచోట పరీక్ష రాస్తుంది, పాఠ్యపథకం మరోచోట మార్కులు తెచ్చుకుంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని పరిగణించాలి. పదో తరగతి పరీక్షలోనూ ఉద్యోగ పరీక్షలోనూ కావలసింది ప్రామాణిక భాష. మాండలికాన్ని గౌరవించే పేరుతో ఆ భాష నేర్పకపోతే నష్టపోయేది పేద పిల్లవాడే. ఈ అభ్యంతరం పూర్తిగా సబబు. ఈ వ్యాసం ప్రామాణిక భాషను వదలమనడం లేదు. ‘వొండినాది’ని కొట్టివేసి ‘వండింది’ రాసి ఇస్తే పిల్లవాడు ఒక రూపం కంఠస్థం చేస్తాడు. ‘మనం ఇంట్లో వండినాది అంటాం, పుస్తకంలో వండింది అంటారు, వచ్చినాది, వెళ్ళినాది, చెప్పినాది వీటికి పుస్తకంలో ఏమవుతాయో చెప్పండి’ అని అడిగితే ఒక నియమం నేర్చుకుంటాడు. రెండో దారిలో ప్రామాణిక భాష త్వరగా వస్తుంది, ఇంటి భాష పోదు.

తెలుగు రెండో భాషైన పిల్లవాడి విషయంలో ఉపాధ్యాయుడు ఇంకొక అడుగు వేయాలి. ఒడియా క్రియలో లింగభేదం లేదు. ఆదివాసీ ఒడియా ఇంటిభాషగా ఉన్న పిల్లవాడు ‘అమ్మ వచ్చాడు’ అని రాస్తే అది అశ్రద్ధ కాదు, మాండలికమూ కాదు. అతడి మొదటి భాష వ్యాకరణం రెండో భాషలో చేసిన పని. లేఖన దోషానికి అభ్యాసం, మాండలిక రూపానికి పోలిక, అన్యభాషా ప్రభావానికి వ్యాకరణ వివరణ. మూడింటికీ మూడు మందులు. మూడింటినీ ఒకే గడిలో దిద్దినప్పుడు వైద్యం జరగదు.

కాబట్టి ఈ క్రింది ప్రతిపాదనలు చేయవచ్చు. ఒకటి, పాఠశాల అనుభవంలోని మొదటి వారాల్లో శిక్షణార్థి పాఠం చెప్పేముందు పిల్లల మాట విని, కనీసం ఇరవై రూపాలు నమోదుచేసి, వాటిని పై మూడు వర్గాలుగా విభజించి రికార్డులో చేర్చాలి. రెండు, పాఠ్యపథకంలో దోష సవరణకు ముందు దోష నిర్ణయం అన్న సోపానం ఉండాలి. మూడు, బోధన పద్ధతుల పత్రంలో గిడుగు, గురజాడల విద్యా రచనలను జీవితచరిత్రలుగా కాక పద్ధతి గ్రంథాలుగా చేర్చాలి. నాలుగు, ఎం.ఏ.లో మాండలిక భాషాశాస్త్రం బోధించే తెలుగు శాఖలు తమ ప్రాంతంలోని శిక్షణ కళాశాలలకు ఆ ప్రాంతపు రూపాల పట్టికను తయారుచేసి ఇవ్వాలి. వృత్తి పదకోశాల కాలం నుంచి తెలుగు పరిశోధన సేకరించిన సామగ్రికి ఇంతకంటే సార్థకమైన వినియోగం కనిపించదు.

9. ముగింపు

వ్యావహారిక ఉద్యమం జవాబుపత్రాన్ని ఎలా దిద్దాలన్న ప్రశ్నతో మొదలైంది. ఆ ప్రశ్నకు ఒక తరం జవాబు చెప్పింది; ఆ జవాబు తర్వాతి తరాలకు కొత్త ప్రమాణమైంది. ప్రమాణం స్థిరపడినప్పుడల్లా దాని బయట ఎవరో మిగులుతారు. మిగిలినవారి భాషను నేర్చుకొని పాఠం మొదలుపెట్టే దారిని కూడా అదే గిడుగు చూపించారు. శిక్షణ ఆయనలో సగాన్నే స్వీకరించింది.

శృంగవరపుకోట పరిసరాల్లో ఉద్యోగం పొందబోయే తెలుగు ఉపాధ్యాయుడికి మిగతా సగం కావాలి. దాన్ని అందించవలసిన బాధ్యత విద్యాశాస్త్ర శాఖలది మాత్రమే కాదు, అతడికి ఎం.ఏ. పట్టా ఇచ్చిన తెలుగు శాఖలది కూడా. మాండలికాన్ని పరిశోధనాంశంగా ఆదరించి, ఆ మాండలికం మాట్లాడే పిల్లవాడి నోటుపుస్తకాన్ని వేరే శాఖకు వదిలేయడం ఇకపై సమర్థించుకోదగిన విభజన కాదు.